కర్త లేని వాక్యం

గుంటూరు అరండల్‌పేటలో
మిర్చి ఘాటుకి తరగతంతా తుమ్మే ఒక ఏప్రిల్‌లో
తీతు మాస్టారు నల్లబల్ల మీద రాశారు
ఒకే ఒక్క గ్రీకు క్రియ:
అపొల్లుమెథ.

"తోక చూడండి" అన్నారు, సుద్దముక్కతో కింద గీత గీసి.
"మెథ. ఉత్తమ పురుష, బహువచనం.
నశించిపోతున్నది ఒక్కడు కాదు,
చెబుతున్నవాడూ అందులో ఉన్నాడు.
గ్రీకు చెప్పేది అంతవరకే.
మిగతాది మన తలనొప్పి."

గాలివాన. పడవలోకి నీళ్ళు.
వెనక భాగాన తలగడ మీద ఆయన నిద్ర.
శిష్యులు లేపుతున్నారు, అరుస్తున్నారు.
మేము అని రాయాలా, మనము అని రాయాలా?

గ్రీకువాడికి ఈ బాధ లేదు,
ఇంట్లోవాళ్ళకీ వీధిలోవాళ్ళకీ వాడిది ఒకటే గుమ్మం.
మనకే రెండు తలుపులు.
మేము అంటే, ఆయన ఒడ్డున ఉన్నట్టు.
మనము అంటే, ఆయన కూడా మునుగుతాడని
వాళ్ళు నమ్మినట్టు.

ఇరవై ఏళ్ళ తర్వాత కూడా అదే వచనం, అదే పేచీ.
సవరణ సంఘంలో ఏడుగురం.
"దేవుడు మునుగుతాడా అమ్మా?" అని
ఓబేదు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
"మునగడని వాళ్ళకి అప్పటికి తెలీదు కదండీ" అన్నాను.
టీ చల్లారింది.
ఆ మాట చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి
వచ్చే నెలకి వాయిదా వేశాం.

వచ్చే నెలకంటే ముందు బుడమేరు వచ్చింది.

బెజవాడ సింగ్‌నగర్‌లో మా మెట్లు
ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ ఎక్కింది,
పదకొండో మెట్టు మీద కూర్చుంది.
ఫ్రిజ్ వెల్లకిలా తేలింది.
బియ్యం డబ్బా మీద గ్రీకు నిఘంటువు పెట్టుకుని
రెండు రాత్రులు మేడ మీద ఉన్నాం.

మూడో రోజు వచ్చింది
సూర్యలంక నుంచి లారీ ఎక్కి దిగిన పడవ.
దాంతోపాటు ఏడుకొండలు, మీసం సరిగా రాని కుర్రాడు,
కళ్ళు మిరపపండ్లు.
పాల ప్యాకెట్ల మధ్య మమ్మల్ని కుక్కి
గెడ వేస్తూ వేస్తూ
నిలబడే ఓ క్షణం కునికాడు.
పడవ కరెంటు స్తంభం వైపు తిరిగింది,
ఓ పక్కకి ఒరిగింది,
చల్లటి నీళ్ళు నా ఒళ్ళోకి.

వెనకింటి నాంచారమ్మ,
గ్రీకు అనేదొకటి ఉందని వినని మనిషి,
వాడి మోకాలు పట్టి గుంజింది:
"ఒరేయ్, మునిగిపోతన్నాం రా! నీకేం పట్టదా?"

వాడు ఉలిక్కిపడి స్తంభాన్ని కాలితో తన్నాడు.
పడవ నిలదొక్కుకుంది.
నేను మాత్రం ఆ అరుపు దగ్గరే ఆగిపోయాను.
మునిగిపోతన్నాం.
మేము లేదు. మనము లేదు.
తోక ఒక్కటే ఉంది.
వాణ్ణి తిట్టిందో, వాడి కోసం భయపడిందో,
ఆ తోకలో రెండూ ఉన్నాయి.
నోట్లోకి నీళ్ళొచ్చే వేళ
సర్వనామం వెతుక్కునేది ఎవరు?

బురద ఎండి అట్టకట్టిన నోట్‌బుక్కులో
ఆ వాక్యం రాసుకుని గుంటూరు వెళ్ళాను.
"కర్త ఏదమ్మా?" అన్నారు ఓబేదు గారు.
"గ్రీకులో కూడా విడిగా లేదండీ. క్రియలోనే ఉంది."
"జనం మేము అని చదివీ చదివీ..."
ఆయన వాక్యం కూడా పూర్తి కాలేదు.
ఓట్లు పెట్టారు. నాలుగు, మూడు.
మేము గెలిచింది.

ఆ మూడింట్లో ఒకటి తీతు మాస్టారిది.
మెట్లు దిగుతూ, రెయిలింగ్ పట్టుకుని, అడిగారు:
"ఆ కుర్రాడి తల కింద ఏమైనా ఉందా?"
"నిలబడే కునికాడండీ."
"అక్కడ తలగడకి ముందు ఓ చిన్న మాట ఉంది, చూశావా?
ఏదో ఒక తలగడ కాదు, ఫలానా తలగడ.
పడవకి ఒకటే ఉండేదేమో.
నలభై ఏళ్ళుగా దాన్ని తెలుగులోకి తేలేకపోయాను."

ఆటో ఎక్కారు.
యార్డు వైపు నుంచి గాలి తిరిగింది,
ఇద్దరం ఒకేసారి తుమ్మాం.